ఇంటిపేరు గడిలో ఇరుక్కున్నవాళ్ళు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. మా ఆవిడ మాత్రం పెళ్ళయిన మొదటి వారంలోనే కనిపెట్టింది. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే రకం నేను. కంప్యూటర్ల పనిలోకి వచ్చాక ఆ జబ్బే నాకు అన్నం పెట్టింది. బ్యాకప్ తీశానని ఎవరైనా అంటే ఏదీ చూపించమనేవాణ్ణి. వైరు బిగించానంటే లాగి చూసేవాణ్ణి. ఉద్యోగమంతా అట్లాగే నెట్టుకొచ్చాను, అందరూ నన్ను జాగ్రత్తపరుడన్నారు. అదే అనుమానాన్ని వైర్ల మీద నుంచి ఒక మనిషి మీదికి మళ్ళించినప్పుడు ఏమయిందో మీకు చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా ఇది చదివితే నవ్వుకోండి, ఏమీ అనుకోను. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

నేను ఆఖరుగా పనిచేసింది మార్కాపురంలో ఒక స్వచ్ఛంద వైద్య సంస్థలో. పేరు అనవసరం. పడమటి మండలాల్లో ఊరూరా తిరిగి వైద్య శిబిరాలు పెట్టడం దాని పని. శిబిరంలో డాక్టరు చూడాలంటే మా కార్డు ఉండాలి. కార్డు రావాలంటే పేరు మా సర్వర్‌లోకి ఎక్కాలి. ఊళ్ళ నుంచి వచ్చిన కాగితాలు చూసి ఒక ఆపరేటరు పేర్లు కొట్టేది. కొట్టడానికి వాడే చిన్న ప్రోగ్రాం నేను రాసిందే. నెలాఖరున ఆ పేర్లన్నీ ఒకే పెద్ద ఫైలుగా తయారయ్యేవి, దాన్ని నేను సర్వర్‌లోని డేటాబేస్‌లోకి ఎక్కించేవాణ్ణి. మా అటెండరు దాన్ని 'ఎక్కింపు' అనేవాడు. చివరికి మేమందరం అదే మాట వాడాం.

వానలు వెనకబట్టాక ఒక నెల ఎక్కింపు మధ్యలో సర్వర్ బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. ఏ మీట నొక్కినా పలకదు. డిస్కు లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంది, లోపల ఎవరో ఊపిరి తిప్పుకోకుండా పనిచేస్తున్నట్టు. గంటసేపు చూసి కరెంటు తీసి మళ్ళీ పెట్టాను. అదే ఫైలు మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ ఆగింది. అప్పుడు ఫైలును చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే ఎక్కించాను. అన్నీ ఎక్కాయి. ఎక్కినప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఏదో హెచ్చరిక వచ్చింది, నేను పట్టించుకోలేదు. ముక్కలుగా ఎక్కింది కాబట్టి ఫైలు మంచిదే, సర్వర్‌కే ఓపిక లేదని తేల్చేశాను. నా మొదటి తప్పు అదే.

తర్వాత నేను చేయని వైద్యం లేదు. ఒంగోలు నుంచి మనిషిని పిలిపించి మెమరీ పెంచాను. ఆ నెల చక్కగా నడిచింది. చూశారా అని మీసం తిప్పాను. పై నెల మళ్ళీ ఆగింది. మా వీధి చివర పలకలు కోసే మిల్లు ఉంది, ఆ దుమ్ము ఫ్యాన్లలో చేరిందని సర్వర్ విప్పి బూడిదరంగు పొడి అరచేతినిండా తీశాను. పొడి తీసినందుకు సంతోషపడ్డాను కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. యూపీఎస్ మార్చాను. కేబుళ్ళు మార్చాను. ఒక నెల నడవడం, ఒక నెల ఆగడం. లెక్కా లేదు, వరసా లేదు.

మా మేనేజరు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఒకరోజు నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరకు వేశాడు.

"మాస్టారూ, మిషన్లకి పగలూ ప్రతీకారాలూ ఉండవండీ. ఒకసారి పని చేసి ఒకసారి మొండికేస్తోందంటే దాని వెనకాల మనిషి ఉన్నాడని అర్థం. ఆలోచించండి" అన్నాడు.

నాకు చెప్పాల్సిన మాటా అది? ఎద్దుకు జ్వరమొస్తే నిప్పు తెచ్చి దూడకు వాత పెట్టే లోకం ఇది. పైగా నా స్వభావానికి ఆ మాట పాయసంలా దిగింది. మనిషి ఎవరు అని వెతకడం మొదలుపెట్టాను. వెతకడానికి ఎక్కువమంది లేరు. ఆపరేటరు ఒక్కతే.

ఆమె కురిచేడు నుంచి రోజూ రైల్లో వచ్చేది. స్టేషన్లో దిగి ఆటో పట్టుకుని ఊళ్ళోకి వచ్చేసరికి సరిగ్గా పది. ముప్పై ఏళ్ళుంటాయి. ఇద్దరు పిల్లలు. భర్త నడుం దెబ్బతిని ఇంటిపట్టునే ఉండేవాడు. ఇల్లంతా ఆమె వేళ్ళ మీద నడిచేది. పదో తరగతి అయ్యాక చర్చి వాళ్ళు నేర్పిన టైపింగే ఆమె ఆస్తి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి కొనసాగించాలి. కొనసాగించాలో వద్దో చెప్పే కాగితం మీద సంతకం నాది. ఆ ఏడు టైపింగ్ పనంతా బయటివాళ్ళకు అప్పగిస్తారని ఆఫీసులో ఒక పుకారు కూడా లేచింది. ఇంకేం, కడుపుమంటతో చేస్తోందని మా మేనేజరు అనకముందే నేను అనేసుకున్నాను.

అనుమానం రావాలే గానీ సాక్ష్యాలు వాటంతటవే నడిచొస్తాయి. ఎక్కింపు మొదలుపెట్టే ముందు ఆమె నా వెనకాల నిలబడి కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. అటెండరు నా చెవి దగ్గరకు వచ్చాడు.

"అన్నా, ఆయమ్మ కండ్లు మూసుకొని ఏందో గొణుగుతాంది, చూసినావా?"

"చూసినాలే."

"సర్వర్ నిలిచిపోయిన రోజు సీట్లో ఉండదన్నా. బిరబిరా ఎళ్ళిపోతాది."

నిజమే. మధ్యాహ్నం ఎక్కింపు పెడితే సాయంత్రం రైలు వేళకు ఆమె లేచి పోయేది. రైలు తప్పితే మళ్ళీ ఇల్లు చేరడం కష్టమని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ వారం నాకు ఆ సంగతి గుర్తు రాలేదు. "ఈసారన్నా పోతాదా సార్?" అని అడిగేది. ఆ అడగడంలో కూడా నాకు వెటకారం వినిపించింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట. ఆమె తడుముకుంటుందేమో చూద్దామని ఒకరోజు అందరిముందూ, "మన సర్వర్‌ను ఎవరో కావాలనే ఆపుతున్నారట" అన్నాను. ఆమె తల ఎత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. తడుముకోలేదు. గట్టి దొంగ అనుకున్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఇంకా రెండు పనులు చేశాను. సర్వర్ గదిలోకి ఎవరైనా వస్తున్నారేమోనని ఒక సాయంత్రం బలపాలు నూరి ఆ పొడి నేలమీద పలుచగా చల్లి తాళం వేశాను. పొద్దున చూస్తే అడుగులు స్పష్టంగా పడి ఉన్నాయి. వంగి స్కేలు పెట్టి కొలిచాను. నా చెప్పుల కొలతే. పొడి చల్లుకుంటూ దాని మీదుగానే నడిచి బయటికొచ్చానని అప్పుడు వెలిగింది. అటెండరు చూడకముందే నీళ్ళు తెచ్చి కడిగేశాను.

రెండోది ఇంకా నీచం. ఆమె క్యారియర్ తీసుకుని కిందికి పోయినప్పుడు సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి నా కంప్యూటర్లో పెట్టి చూశాను. వైరస్ ఉంటుందనుకున్నాను. చర్చిలో పాడుకునే పాటలు ఉన్నాయి, చిన్న కూతురు ఎక్కాలు చదివిన రికార్డింగు ఒకటి ఉంది. పదమూడో ఎక్కం దగ్గర తడబడి మొదట్నుంచి చదువుతోంది ఆ పిల్ల. మొత్తం విన్నాను. విని పెన్‌డ్రైవ్ మళ్ళీ సంచీలో పెట్టాను. ఆ ఆఫీసులో దొంగతనం జరిగింది ఆ ఒక్కరోజే, చేసింది నేను. అయినా నా అనుమానం పోలేదు. శుభ్రంగా ఉందంటే చెరిపేసిందన్నమాట అనుకున్నాను.

అంతలో ఆమె పిల్లకు జ్వరమొచ్చి పదిరోజులు సెలవు పెట్టింది. స్టోర్స్ చూసే అతను ఆమె సీట్లో కూర్చుని ఆ నెల పేర్లు కొట్టాడు. ఎక్కింపు వెన్నలా జారిపోయింది. పై నెల ఆమె తిరిగి వచ్చింది, సర్వర్ మళ్ళీ ఆగింది.

"ఇంకేం కావాలండీ మాస్టారూ" అన్నాడు మేనేజరు.

నాకూ ఇంకేమీ అక్కర్లేకపోయింది. రిపోర్టు రాశాను. 'ఆపరేటరు నిర్లక్ష్యం వల్లగాని, ఉద్దేశపూర్వకంగా గాని' అని మొదలుపెట్టాను. ఆ 'గాని'లు చూశారా, ఎటుపోయి ఎటొచ్చినా నా మీదికి రాకుండా పెట్టుకున్నవి. కాంట్రాక్టు కొనసాగించనక్కర్లేదని సంతకం పెట్టాను.

ఆమెను పిలిచి చెప్పింది కూడా నేనే.

"నేనేం చేసినానని సార్?"

"ఆ సంగతి నీకే తెలియాలమ్మా."

"మీరు చెప్పినట్టే చేసినా కద సార్" అంది. అంతే. టిఫిన్ క్యారియర్ సంచీలో పెట్టుకుని, కీబోర్డు మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. ఆ చివరి మాట అందరూ అనే మాటే అనుకుని వదిలేశాను.

ఆమె పోయాక మొదటి ఎక్కింపు ఏ ఆటంకం లేకుండా పూర్తయింది. కొట్టింది స్టోర్స్ అతను. మేనేజరు అందరికీ టీ తెప్పించాడు. అటెండరు, "శని వదిలిపోయిందన్నా" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఉద్యోగ విరమణకు ఇంకా రెండు నెలలుంది, మచ్చ లేకుండా దిగిపోతున్నానని తృప్తిపడ్డాను.

వారం తర్వాత గిద్దలూరు అవతల అడవిలోని గూడెం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళది తేనె, కుంకుడుకాయలు ఏరుకుని బతికే ఇల్లు. వచ్చినవాళ్ళు వదినా మరదళ్ళు. వదినకు యాభై ఐదు దాటి ఉంటాయి, మరదలికి ముప్పై. మరదలు కంటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంది. శిబిరానికి పోతే కార్డు లేదని పంపేశారట.

"మా వదినకొచ్చింది, నాకు రాలే సామీ" అంది.

"నువ్వు పేరు రాయించుకోలేదేమో."

చూశారా, అక్కడ కూడా అనుమానమే.

"రాయించినా. నా ఎదురుగానే రాసినాడు పెద్దాయన. మా వదిన పేరు రాసి, దాని కిందనే నాది రాసినాడు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఆమెకొచ్చి నాకు రాకపాయె."

పేరు కొట్టి వెతికాను. లేదు. ఊరి పేరుతో వెతికాను. లేదు. ఇక పంపేద్దామనుకుంటూ ఊరికే వదిన కార్డు నంబరు అడిగి ఆమె వివరాలు తెరిచాను. వయసు దగ్గర ముప్పై అని ఉంది.

"నీకు ముప్పయ్యేళ్ళా అమ్మా?"

వదిన ముందు నోరు తెరిచి, తర్వాత పకపకా నవ్వింది. "మంచి పెట్టె సామీ ఇది. అట్లనే ఉండనీ. నా మొగునికి చూపిస్తా."

నేను నవ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళు ఎవరివో నాకు ఎదురుగానే కనిపిస్తున్నాయి. ఇంటిపేరు గడి తెరిచి చూశాను. మామూలుగా ఒక మాట ఉండే చోట ఒక వాక్యమంత పొడుగున ఏదో ఉంది. ఒక కామా, వదిన అసలు వయసు, ఊరు, తర్వాత మరో నంబరు, దాని పక్కన మరదలు పేరు.

మరదలు మా సర్వర్‌లో ఉంది. వదిన ఇంటిపేరు గడిలో ఇరుక్కుని ఉంది.

వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఆ గూడెం పేర్లన్నీ ఒక్కొక్కటే తెరిచాను. ప్రతి ఇంట్లోనూ అదే. ఒకరు బయట, ఒకరు పైవారి ఇంటిపేరు గడిలో. ఏడెనిమిది నెలలుగా సగం గూడెం కార్డులు లేకుండా తిరుగుతోంది. బీరువా తెరిచి ఆ గూడెం రిజిస్టరు తీశాను.

మిగతా ఊళ్ళకు అచ్చువేసిన ఫారాలు ఇచ్చాం, మనిషికొక కాగితం. గూడేనికి మాత్రం పాత పద్ధతిలో ఒక రిజిస్టరు. అక్కడ రాసే పెద్దాయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంటి పెద్ద పేరు, ఇంటిపేరు నిండుగా రాసి, కింద మిగిలినవారికి ఇంటిపేరు ఉండాల్సిన చోట రెండు చిన్న గీతలు పెట్టాడు. డిటో గీతలు. పైన ఉన్నదే కింద కూడా అని. రిజిస్టర్లు రాసినవాళ్ళందరికీ తెలిసిన గీతలే. గూడెంలో అందరిదీ దాదాపు ఒకే ఇంటిపేరు కాబట్టి పేజీ నిండా గీతలే వానచినుకుల్లా పడి ఉన్నాయి. ఆయనకు ఫోన్ చేశాను.

"ఒక్క ఇంటిపేరును పేజీకి ఇరవైమాట్లు ఎవుడు రాస్తాడు తమ్ముడా?" అన్నాడు. "మా అయ్యవారు నేర్పినాడు, నలభై ఏళ్ళ నుంచి ఇట్లనే రాస్తాండా. ఏమి, గీతలు సక్కగ లేవా?"

చక్కగానే ఉన్నాయి. మా ఆపరేటరు కొట్టిన ఫైలు తెరిచి చూస్తే, ఆ గీతలన్నీ అట్లాగే దిగాయి. కీబోర్డు మీద ఆ రెండు గీతల గుర్తుకు, అంటే కొటేషన్ మార్కుకు, కంప్యూటరు భాషలో వేరే అర్థముంది. 'ఇక్కడ మొదలు, మళ్ళీ ఇదే గుర్తు కనపడేదాకా ఉన్నదంతా ఒకే మాట' అని. మొదటి గీతల దగ్గర సర్వర్ నోరు తెరిస్తే, రెండో గీతల దగ్గర మూస్తుంది. మధ్యలో ఉన్న మనిషి లోపలికి పోతుంది. గూడెంలో గీతలు సరిసంఖ్యలో ఉన్న నెల, నోళ్ళన్నీ మూసుకుని ఎక్కింపు చక్కగా నడుస్తుంది, మనుషులు మాత్రం మాయమవుతారు. బేసిసంఖ్య అయిన నెల, ఆఖరి నోరు మూసే గీతలు ఎక్కడా లేవు. గూడెం రిజిస్టరు ముందే వస్తుంది కాబట్టి ఫైలులో దాని పేర్లే మొదట. ఇక దాని తర్వాతున్న వెలిగండ్ల, చంద్రశేఖరపురం, కురిచేడు, అన్ని ఊళ్ళ వేలమందినీ ఒకే మనిషి ఇంటిపేరనుకుని సర్వర్ నోట్లో పెట్టుకుంది. మింగలేక, కక్కలేక బిగుసుకుంది. ముక్కలు చేస్తే ముక్కలో ఉన్నంతవరకే మింగి ఊరుకుంది. ఆ చిన్న అక్షరాల హెచ్చరిక ఆ సంగతే చెప్పింది నాకు.

స్టోర్స్ అతణ్ణి పిలిచి అడిగాను. "నువ్వు గీతలు కొట్టలేదా?"

"గీతలు కొట్టడమేంది సార్, పైన ఉన్న ఇంటిపేరే కొట్టినా. నాకట్ల ఎవురూ చెప్పలే" అన్నాడు.

ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు? అప్పటికి నాకు గుర్తు రాలేదు. ఒట్టు. మరదలు పేరు సరిచేసి, కార్డు చేతికిచ్చి బస్సు వేళకు పంపించాను. తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మంచిదండీ, దొరికింది కదా. ప్రోగ్రాం సరిచేసేయండి. పాత రిపోర్టు సంగతంటారా, ఆవిడ వెళ్ళిపోయింది, కొత్తమ్మాయిని చూస్తున్నాం. రెండు నెలల్లో రిటైరయ్యేవారు, ఇప్పుడు కాగితాలు కెలుక్కోవడం ఎందుకు మాస్టారూ?"

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచను. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ, "ఏంది, అట్ల ఉండావు?" అంది. చెప్పాను. "ఆ పిల్ల పదమూడో ఎక్కం దాటిందో లేదో కనుక్కోకూడదూ" అంది. పెన్‌డ్రైవ్ సంగతి ఎప్పుడో నేనే నోరుజారి చెప్పి ఉంటాను. మర్నాడు పొద్దున రైలెక్కాను.

కురిచేడులో చర్చి పక్క వీధి అని చెప్తే దారి చూపించారు. ఇంట్లో భర్త ఒక్కడే మంచం మీద ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. "మిరపకాయ కోతలకు పోయింది సార్, ఈ పొద్దు సగం పూటే" అన్నాడు. కూర్చున్నాను. నన్ను ఎందుకొచ్చావని అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఆమె మధ్యాహ్నం వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, పెరట్లోకి పోయి చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, కొంగుకు అంటకుండా పైకి పట్టుకుని వచ్చి నిలబడింది.

"నీళ్ళియ్యనా సార్? నా చేత్తో ఇస్తే ఘాటు అంటుకుంటాది. ఆయన ఇస్తాడులే."

"చేతులు మండుతున్నాయా అమ్మా?"

"మొదట్లో మండినాయి. ఇప్పుడు తెలీడంలే."

జరిగింది చెప్పాను. గీతలు, నోరు తెరవడం, గూడెం మరదలు, అన్నీ. అడ్డం రాకుండా వింది. చివర్న నేను, "అమ్మా, నువ్వు ఇంటిపేరు కొట్టకుండా ఆ గీతలెందుకు కొట్టావు? ఒక్కమాట నన్నడిగి ఉంటే..." అన్నాను. ఎంత మనిషిని నేను. తప్పు ఒప్పుకోవడానికి అంత దూరం పోయి కూడా కాస్త ఆమె మీదికి తోయబోయాను.

ఆమె భర్తతో, "ఆ పెట్టెలో నా నోటుబుక్కు తియ్యి" అంది. పిల్లల పాత నోటుబుక్కు, వెనక ఖాళీ పేజీల్లో రాసుకుంది. ఆఫీసులో ఎవరు ఏం చెప్పినా ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో కూర్చుని రాసుకునేదట, మర్చిపోతే తిడతారని. తన చేతులు అంటకూడదని భర్త చేతే పేజీలు తిప్పించి ఒకచోట ఆపింది. చదివాను.

'గూడెంలో ఇల్లరికం వచ్చినాయన ఆఫీసుకొచ్చి అరిచినాడు. మా మామ ఇంటిపేరు నాకు పెట్టినారు అని. సార్ నన్ను తిట్టినారు. రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు కొట్టు, సొంత తెలివి వాడొద్దు అన్నారు. గీతలుంటే ఏం చేయాల సార్ అని అడిగినా. గీతలుంటే గీతలే కొట్టు అన్నారు.'

అంతా కళ్ళముందుకొచ్చింది. ఆ ఇల్లరికపు అల్లుడు బల్ల గుద్ది అరవడం. ఆ పేజీలో గీతలు పెట్టి అతణ్ణి మామ ఇంట్లో కలిపింది రిజిస్టరే, ఆమె కాదు. నేను రిజిస్టరు తెరిచి చూడనే లేదు. ఆమె ఏదో అడుగుతుంటే కంప్యూటరు మీద నుంచి తల ఎత్తకుండా ఏదో అని పంపేశాను. ఆ ఏదో ఇదే. సర్వర్ ఆగడం మొదలైంది ఆ నెలనుంచే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను, వెతికి ఊళ్ళో ఒకరి పిల్లను దొంగ అని పట్టించాను.

"ఇది ఆ రోజు నాకెందుకు చూపించలేదమ్మా?"

"మీరడిగితే చూపిద్దును. మీరు అడగలేదు, తేల్చినారు" అంది. "దొంగ అనుకున్నాక ఏం చూపిచ్చినా దొంగ నోటుబుక్కే అయితాది కద పెద్దనాయనా."

ఆఫీసులో ఎన్నడూ సార్ తప్ప ఇంకో మాట అనని మనిషి. ఇంటికొచ్చిన ముసలాయనను ఎట్లా పిలవాలో అట్లా పిలిచింది. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాను.

"ఎక్కింపు ముందు కళ్ళు మూసుకుని ఏం గొణిగేదానివి?" అని అడిగాను, అడగకుండా ఉండలేక.

"ఈసారన్నా ఆగకుండా పోవాల ప్రభువా అని. మీరు సాయంత్రం దాకా అన్నం తినకుండా దాని ముందరే కూసుంటారని."

రైలు దిగి నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను. పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని, ఆమెను మళ్ళీ పనిలోకి పిలవకపోతే ఈ సంగతి పై కమిటీకి నేనే రాసి పంపుతానని చెప్పాను. ఆయన నన్ను చూసి తల పంకించాడు. "మీ ఇష్టం మాస్టారూ. కానీ తప్పెవరిదో కాగితం మీద ఉండాలండి. ఫారం ఉంది, నింపి ఇవ్వండి" అన్నాడు. కోపంతో అన్నాడో గౌరవంతో అన్నాడో ఇప్పటికీ నాకు అనుమానమే.

సోమవారం ఆమె పది గంటలకు వచ్చింది. కీబోర్డు మీద గుడ్డ తీసి మడతపెట్టింది. ఆ రోజు ఆమె కొట్టాల్సిన మొదటి కాగితం నా ఫారమే. చేత్తో నింపి ఆమె ముందు పెట్టాను. అందులో తప్పుల వివరాల కింద నేనే నాలుగు వరసలు రాసుకున్నాను. 'ప్రోగ్రాం తయారుచేసినది ఎవరు' అన్నచోట నా పేరు, హోదా నిండుగా రాశాను. 'తప్పు సూచన ఇచ్చినది ఎవరు' అన్నచోట రెండు గీతలు పెట్టాను. 'హెచ్చరిక గమనించనిది ఎవరు' అన్నచోట రెండు గీతలు. 'ఆపరేటరుపై ఆధారం లేని ఫిర్యాదు చేసినది ఎవరు' అన్నచోట కూడా అంతే. చేతి అలవాటే అనుకున్నాను. కానీ నా పేరు ఒకే కాగితం మీద నాలుగుసార్లు చూసుకోవడం ఇష్టంలేక చేతికి ఆ అలవాటు ఆ పొద్దున గుర్తొచ్చిందేమో, నాకు తెలియదు.

ఆమె చదివి తల ఎత్తింది. "ఉన్నది ఉన్నట్టు కొట్టమంటారా సార్?"

"కొట్టమ్మా."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆడాయి. గోళ్ళ పక్కన మిరప ఎరుపు ఇంకా పోలేదు. కాగితం ప్రింటరులోంచి తీసి సంతకానికి నా ముందు పెట్టింది. నా పేరు, హోదా మొదటి వరసలో ఉంది. రెండో వరసలోనూ నిండుగా ఉంది. మూడులోనూ, నాలుగులోనూ ఉంది. గీతలు ఒక్కచోటా లేవు.

"ఇదేందమ్మా?" అన్నాను.

"గీతలు పెడితే మనుషులు లోపలికి పోతారని మీరే కద సార్ చెప్పినారు" అంది.

నాలుగు వరసలూ మరోసారి చదువుకుని సంతకం పెట్టాను.